కొండ కుడిచేతి వైపు

తిరువూరు, 1974 డిసెంబరు. ఆదివారం రాత్రి.

మా ఆవిడ సుశీల కాలు విరిగి ఏడాదయింది. ఆమె పాఠాలు చెప్పే ఊరికి బస్సు లేదు. నడవగలిగితేనే మళ్లీ ఉద్యోగం. అది తేల్చుకోవడానికే ఇవాళ కొండ చుట్టూ నడిచాం.

కోటగోడ పక్కనుంచి ముందే ఎక్కేస్తే తర్వాతంతా పల్లం. అలా వెళ్దామన్నాను.

"కొండని ఎడమచేతికి పెట్టుకుని తిరుగుతారా ఎవరన్నా? ప్రదక్షిణం తెలీదా మీకు?"

"ఇది గుడి కాదు, కొండ."

"పైన దేవుడు లేడని మీరు పనిచేసే పేపర్లో వేశారా ఏంటి?"

కొండను కుడిచేతికి ఉంచుకునే బయలుదేరాం. మామిడితోటలు, పాత రాతి మండపం దాటేసరికి మధ్యాహ్నమైంది. అసలైన ఎక్కుడు అప్పుడు మొదలైంది. కూలిన బురుజు దగ్గర ఆమె ఆగిపోయింది. కాలు నొప్పి పుట్టిందనుకుని గబగబా వెళ్లాను.

"మీకోసమే ఆగానండి. ఆయాసం తీర్చుకోండి," అంది.

ఇప్పుడు నిద్రపోతోంది. రెండుసార్లు లాంతరు దగ్గర పెట్టి ఆమె చీలమండ చూశాను. వాపు లేదు. తెల్లారేసరికి రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు. వస్తే మళ్లీ ఎన్నాళ్లు ఇంట్లో కూర్చోవాలో...

రేపు బడికి పట్టుకెళ్లే క్యారేజీ మాత్రం తోమి, బోర్లించి మరీ పడుకుంది.