రత్నమ్మకు రేపు మళ్లీ మత్తు

అన్నకు, వదినకు కడప నుంచి నీ తమ్ముడు యోహాను వందనాలు. అక్కడ మీరు, మీ దగ్గర వదిలి వచ్చిన మా పాప శాంత బాగున్నారని తలుస్తున్నాను. కోసిగిలో చినుకు పడిందా? ఇక్కడ లేదు. గనిలో బండలు పెనాల్లా కాలుతున్నాయి. తిండికి జరుగుతోంది. అమ్మ, నేను బాగానే ఉన్నాము.

నీ మరదలు రత్నమ్మ బాగా లేదు. బండికి ఎత్తుతున్న బండ జారి దాని కాలి మీద పడింది. పాదం నల్లబడింది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ మోకాలి కింద కోయాలన్నది. మత్తు మందు పేరు క్లోరోఫారం. కంపౌండరు నాకు చెప్పినాడు.

“ముక్కు మీద గుడ్డ ఏసి చుక్క చుక్క పోస్తారప్పా. పీల్చేకొద్దీ నెత్తురులో కలిసి మెదడుకు పోతాది. ఈడ కోస్తానే ఉంటారు, ఆ కబురు మెదడుకు ముట్టదు. ఊపిరి ఆడించే తావు మెడ వెనకాల ఉండాది. మందు ఎక్కువై అది కూడా పండుకుంటే మనిషి లేదు.”

తిన్నది ఊపిరిలోకి పోకుండా ఆపే దగ్గు కూడా నిద్రపోతుందట. అందుకే ముందు ఏమీ తినకూడదన్నారు.

ప్రయాణమయ్యే మనిషిని మన ఇంట్లో పస్తుతో పంపరు కదా. కోతనాడు అమ్మ తెల్లవారుతూనే కొంగు చాటున సంగటి ముద్ద తెచ్చి రత్నమ్మకు తినిపించింది. మత్తు ఎక్కుతుండగా అది “పాపకు గంజి పోసినారా?” అని అడిగింది. అంతలోనే వాంతి. అది ఊపిరికి అడ్డం పడింది. డాక్టరమ్మ రత్నమ్మను పక్కకు దొర్లించి, నోట్లో వేళ్లు పెట్టి తీసింది. కోత ఆపేశారు.

“ఎందుకు పెడితివమ్మా?” అన్నాను.

“ఉత్త కడుపుతో పంపిస్తానా రా దాన్ని?” అనింది. అప్పటినుంచి తాను ముద్ద ముట్టలేదు.

నలుపు పైకి పాకింది. రేపు మోకాలి పైన కోస్తారు. ఈసారి ఊపిరి నిలుస్తుందని ఎవరూ మాట ఇవ్వడం లేదు. నాకు దిక్కు తోచడం లేదన్నా.

సంఘంలో పెద్దలకు నా వందనాలు చెప్పి, ప్రార్థన చేయమను.

మత్తు ఎక్కేటప్పుడు అన్నిటికన్నా చివర చెవి వినడం మానుతుందట. అందాకా నన్ను పక్కన నిలబడనిస్తామన్నారు. పాప కడుపు నిండా తినిందని దాని చెవిలో చెబుతాను. ఈ ఉత్తరం మీకు అందేసరికి ఆ మాట చెప్పేసి ఉంటాను. అక్కడ గింజలు లేవని తెలుసు. అయినా అందిన పూటే పాపకు పెట్టన్నా.

నీ తమ్ముడు,
యోహాను