చేతిసంచి చాలన్నావు

అక్కా,

ఇల్లు చేరాను. నువ్వన్నట్టే, చేతిసంచి ఒక్కటే కావడంతో విమానం దిగాక పెట్టె కోసం పడిగాపులు పడలేదు. అందరికంటే ముందు బయటపడ్డాను.

అమ్మ పోయాక సామాన్లు పంచుకుందాం రమ్మని, "చిన్న సంచి చాలే, హాయిగా ఉంటుంది" అని వారం రోజులు ఫోన్‌లో నూరిపోశావు. నువ్వు మాత్రం రెండు ఖాళీ పెట్టెలతో దిగావు. దుప్పట్లు, గోడ గడియారం, చివరికి కుట్టుమిషను కూడా వాటిలోకి వెళ్లిపోయాయి. అమ్మ బట్టలు కత్తిరించే కత్తెర ఒక్కటే అడిగాను. నీ పెట్టెలో పెట్టుకుని తర్వాత పంపమంటే, "బరువెక్కువవుతుందే, నువ్వే పట్టుకెళ్లు" అన్నావు.

విమానాశ్రయం తనిఖీలో దాన్ని తీసి చెత్తబుట్టలో పడేశారు. "ఇలాంటివి పెద్ద పెట్టెలో వేయాలమ్మా" అన్నాడు అక్కడి మనిషి. ఆ పెద్ద పెట్టె మూత పడకపోతే పైనెక్కి కూర్చున్నది నేనేనని అతనికి చెప్పలేకపోయాను.

చెల్లి