టాంకరు వాన

కర్నూలు,
జూన్ 2005.

నాయనకు రెజీనా వందనాలు.

బాగున్నాను. వచ్చెయ్యమని రాశావు, ఇప్పుడే రాను, కోప్పడొద్దు. "డిగ్రీ చదివి టీ కప్పులు మోస్తాందంట" అని అత్త అంటే అననియ్యి.

నిన్న నేను పనిచేసే టీవీ సీరియల్‌కు వాన సీను తీశారు. వీధిలో టాంకరు నీళ్లు పైపుతో పైనుంచి కురిపిస్తారు, జనం అడ్డం రాకుండా చూసేది, నీళ్లు ఆపమని చెయ్యి ఊపేది నా పని. నీళ్లు పడగానే ఆడవాళ్లు బిందెలతో ఉరికొచ్చారు. "తాగేదానికి నీళ్లు లేక మేం చస్తాంటే రోడ్డు మీద పారబోస్తాండారా పాపా?" అని ఒక ముసలామె నన్నే నిలదీసింది. వాళ్లను ఆపడానికి మనసు రాలేదు. ఆమె బిందె నేనే పట్టాను. పని పోయిందనే అనుకున్నా. డైరెక్టరు మాత్రం "కెమెరా ఆపొద్దు, తియ్యండి" అని అరిచాడు. సీను బాగా వచ్చిందట. రేపటి నుంచి సీన్లలో జనాన్ని నడిపించే పని నాకిచ్చారు.

నా చెప్పులు నానిపోయాయి, పాతవి బస్సులో పంపు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? శనివారం పాస్టరయ్య ఇంట్లో టీవీ చూడండి. బిందె పట్టుకున్న చెయ్యి నాదే.

మన చేనికి చినుకు పడిందా? ఇక్కడి వాన నేను చెయ్యి ఊపితే ఆగిపోతుంది. అక్కడిది మొదలైతే ఆగకూడదని ప్రార్థన చేస్తున్నాను.

నీ కూతురు
రెజీనా