నీలి చేతులు

ప్రియమైన అబ్బాయికి,

వీధంతా నీలవ్వ అని పిలిచే మీ అమ్మను. వయసు డెబ్బై దాటింది. బట్టలకు రంగు వేసే నీలిమందు తొట్టి ఉన్న ఈ ఇంట్లో ఉండేది నేనూ, నీ పెళ్లామూ, సరుకు అమ్ముతూ ఊళ్లు తిరగని రోజుల్లో నువ్వూ. నాకు అక్షరం రాదు, నోరుంది. రాస్తున్నది పక్కింటి దర్జీ భార్య. నేనన్నది అన్నట్టే రాయమన్నాను.

తన గాడిద తన మాట వినదని బట్టల బేరగాడు చెబితే కోడలు నవ్వింది. అందుకు చెంప వాచేలా కొట్టి, మేడగదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా కొంగుకు కట్టి పోయావు. ఆ మాటకి నేనూ నవ్వాను కదరా, నన్నెందుకు వదిలేశావు? తలుపు తియ్యమని ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
మీ అమ్మ

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం అందింది. దర్జీ భార్యను గుడ్డలు కుట్టుకోమను, మనింటి సంగతులు కాదు.

తలుపు తియ్యొద్దు. వచ్చేపోయేవాళ్లంతా ఆ తొట్టి దగ్గరే చేరతారు, దాన్ని ఆ ఛాయలకు కూడా రానివ్వకు. నేనొచ్చాక దాని పొగరు ఎలా దించాలో నాకు తెలుసు.

పారిపోతుందని భయపడకు. దాని ముఖం రేవులో ఎవరికీ తెలియకపోయినా, మోచేతులదాకా ఉన్న నీలం ఎక్కడికి పోతుంది? నీలి చేతుల ఆడది కనబడితే ఆపమని రేవులో పడవవాడికి చెప్పిపెట్టాను. నాన్న నీతో అనేవాడు గుర్తుందా, ఆ చేతులతో ఎక్కడికి పోతావని?

ఇట్లు,
నీ కొడుకు

ప్రియమైన అబ్బాయికి,

నువ్వు చెప్పినట్టే జరుగుతోంది. కోడలు తొట్టి మొహం చూడలేదు. దాని పని కూడా నేనే చేస్తున్నాను. వంగినప్పుడల్లా నా నడుము నిన్నే తలుచుకుంటోంది.

చెంప వాపు తగ్గింది. పిల్ల అడిగితే సబ్బుముక్క, పిండేసిన నిమ్మచెక్కలు, గోళ్లు తీసుకోవడానికి కత్తెర ఇచ్చాను. ఖాళీగా కూర్చున్న మనిషికి ఏదో ఒక పని ఉండాలిగా.

దారులు బాగాలేవట. తొందరపడి బయల్దేరకు.

ఇట్లు,
మీ అమ్మ

అమ్మకు,

గది ఖాళీ అని కబురొచ్చింది. మనిషిని పంపి పడవవాణ్ణి నిలదీయించాను. రేవు దాటిన ప్రతి ఆడదాని చేతులూ చూశాడట, ఒక్కదానికీ నీలం లేదట.

నువ్వు పెద్దదానివి. అన్నం పెట్టడానికి పోయి అక్కడే నిద్రపోతే నీ కొంగుముడి విప్పి తాళంచెవి దొంగిలించి ఉంటుంది. ఆ మాటే రాయించి, వేలిముద్ర వేసి, ఇద్దరు సాక్షులతో పంపు. కోర్టులో పెడితే దొంగతనం కింద పట్టి తెస్తారు. ఆ ఒక్క కాగితం చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

నీ కొడుకు

ప్రియమైన అబ్బాయికి,

కాగితం అడిగావు, ఇదిగో. కోర్టులో ఇదే చదివించు.

నేను నిద్రపోలేదు. పట్టపగలు, ఈ చేతులతోనే తలుపు తీశాను. పిల్ల కప్పుకున్న శాలువా నాది, నేనే ఇచ్చాను. అదీ దొంగతనం కాదు.

రేవులో మూటల చాటున, చేతులు కొంగులో దాచుకుని నిలబడి చూశాను. “చేతులు చూపించమ్మా” అన్నాడు పడవవాడు. చూపించింది. తెల్లగా, అప్పుడే ఒలిచిన బాదంపప్పులా ఉన్నాయి. “పని ఎరగని పిల్లలా ఉన్నావు, మెల్లగా ఎక్కు తల్లీ” అని తనే చెయ్యందించాడు.

ఆ చేతులు కడిగింది నేను కాదురా, నువ్వు వేసిన తాళం. తొట్టికి దూరంగా ఇన్ని వారాలు కూర్చోబెడితే నీలం వదిలిపోతుందని నీకు తెలీదు. ఎలా తెలుస్తుంది, ఏనాడైనా తొట్టిలో వేలు పెడితేగా? నాకూ ఇన్నాళ్లూ తెలీదు. పెళ్లయిన నాటినుంచి మీ నాన్న నన్ను తొట్టి దగ్గరనుంచి లేవనిస్తేగా.

ఎక్కడికి పోతున్నావని పిల్లను అడగలేదు. నా నోటి సంగతి నాకు తెలుసు. బేరగాడితో పోయిందని ఊరంతా చెప్పుకు తిరగకు, వాడు ఇక్కడే నా ఎదురుగా కూర్చున్నాడు.

గది తాళంచెవి తొట్టి అడుగున పడేశాను. కావాలంటే చొక్కా చేతులు పైకి మడిచి, నువ్వే తీసుకో.

ముద్రకు సిరా వద్దన్నాను. వేలు తొట్టిలో ముంచి పెట్టాను. ఇప్పుడు పచ్చగా ఉంది. గాలి తగిలి, నీ చేతికందేసరికి నీలమైపోతుంది.

నీలవ్వ వేలిముద్ర

సాక్షులు:
దర్జీ భార్య, ఇది రాసిన మనిషి
బట్టల బేరగాడు, మాట వినని గాడిద ఉన్నవాడు