అమ్మ మైకులో చెప్పిన మాట

ఫిబ్రవరి 10

నిన్న సాయంత్రం తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం. చర్చి సంఘం సమాధుల తోటలోనే, నాన్న పక్కన. ఇల్లంతా జనం. అందరి నోటా ఒకటే మాట — "మిరప చేలో పురుగుమందు కొడుతూ పీల్చాడంట, పాపం." ఆ మాట మొదట అన్నది సంఘపెద్ద యోహాను మామయ్య. అమ్మ నమ్మింది. పాస్టరు అయ్యగారు నమ్మి ప్రార్థన చేశారు.

నేను తల వంచుకుని నిలబడ్డాను.

ఫిబ్రవరి 11

రాయకపోతే ఊపిరాడేలా లేదు.

గుంటూరు ఆస్పత్రిలో నేనొక్కదాన్నే పక్కనున్నప్పుడు సునీల్ కళ్ళు తెరిచాడు. "అక్కా, కొడుతుంటే కాదు. నేనే తాగా. అమ్మకి చెప్పకు." తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయింది. ప్రభువు నన్ను రానిస్తాడా?"

నర్సు వచ్చి బయటికి పొమ్మంది. మళ్ళీ లోపలికి పిలిచేసరికి వాడు లేడు.



ఫిబ్రవరి 15

ఎందుకు చేశాడో తెలియదు. చేలో ఆకు ముడుచుకునే బొబ్బర తెగులు వల్లనుకుంటే, అది ఊళ్ళో అందరి చేలకూ ఉంది. క్రిస్మస్ నుంచీ సరిగ్గా నిద్రపోలేదట. అన్నం కెలికి లేచేవాడట. ఫోన్లో నాతో మాత్రం "బాగానే ఉన్నాలే అక్కా" అనేవాడు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఈ వారంతో ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలు. మందిరంలో అమ్మ పక్కన కూర్చున్నాను. అయ్యగారు ప్రసంగం మధ్యలో అన్నారు — "తన చేత్తో తన ప్రాణం తీసుకున్నవాడికి నిరీక్షణ లేదు, పరలోకం ఆశే లేదు." మా గురించి కాదు. ఆయనకేం తెలుసు?

అమ్మ "ఆమేన్" అంది.



ఫిబ్రవరి 27

దాచేపల్లి నుంచి మా ఆయన ఫోన్. "ఎప్పుడొస్తున్నావ్?" కోతలు అయ్యాక, అన్నాను. అమ్మని వదిలి వెళ్ళలేను. అమ్మ ఎదురుగా కూర్చోనూ లేను.

మార్చి 5

ఆగలేక అయ్యగారింటికి వెళ్ళాను. ఆయన పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

"తమ ప్రాణం తాము తీసుకున్నవాళ్ళు, ఆఖర్లో ప్రభువుని తలుచుకుంటే?" అన్నాను.

"ఎవరి గురించమ్మా?"

ఆయన పంపు కట్టేశారు. నా మొహం చూశారు. ఆయన మొహం మారిపోయింది.

"ఆ రోజు ప్రసంగంలో... నేను ఆ మాట తేలిగ్గా అనేశానమ్మా," అన్నారు. అంతే. కూర్చోమని కూడా అనలేదు.

తెలిసిపోయింది ఆయనకి. ఇప్పుడేం చేస్తారు? ప్రాణం తీసుకున్నవాళ్ళకి సమాధుల తోటలో చోటివ్వరు, ఆ సంగతి ఎత్తుతారా?

మార్చి 12

చెప్పేశాను.

కల్లంలో ఎండుతున్న మిరపకాయలు తిరగేస్తున్నాం. ఘాటుకి ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు. అమ్మ తనలో తాను మాట్లాడుకుంటోంది — "ఆ పొద్దున నేనే పంపా. పడుకుంటానమ్మా అన్నాడు. మంచం మీద ఉంటే పురుగు ఆగుద్దేంట్రా, లే, మందు కొట్టిరా అన్నా. నా చేతులారా చంపుకున్నా వాణ్ణి."

ఇన్నాళ్ళూ అమ్మ మోస్తున్నది ఇదా! నేను దాచింది అమ్మ బతకాలని. ఆ దాపరికమే అమ్మని తినేస్తోంది.

"అమ్మా, వాడు మందు కొట్టలేదు. తాగాడు. నాకు చెప్పాడు."

అమ్మ చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. ఆ వరస చివరిదాకా తిరగేసి అప్పుడడిగింది.

"ఇంకేమన్నాడు?"

"ప్రభువు రానిస్తాడా అన్నాడు."

"నువ్వేం చెప్పావ్?"

"నర్సు బయటికి పంపేసిందమ్మా."

అమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 13

అమ్మ తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మందు డబ్బాలన్నీ ఊరి బయటికి పంపించేశాను. అమ్మ స్నానాల గదిలోకి వెళ్ళినా తలుపు దగ్గరే నిలబడుతున్నాను.

మార్చి 22, ఆదివారం

అమ్మ మందిరానికి రానంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇలా ఎప్పుడూ లేదు.

యోహాను మామయ్య వచ్చాడు. "ఏంటి చెల్లెమ్మా, ఒంట్లో బాలేదా?" అమ్మ మంచం మీంచే అడిగింది — "అన్నయ్యా, మందు పీల్చాడని మొదట అన్నది నువ్వే. తాగాడని నీకు ముందే తెలుసు కదా?"

మామయ్య తువ్వాలు సర్దుకున్నాడు. "వాణ్ణి తోట లోపల పెట్టుకోవాలనే అలా అన్నా. ఇప్పుడు ఆ సంగతి తవ్వుకుంటే నలుగురూ నాలుగు మాటలంటారు. వద్దు చెల్లెమ్మా."

ఆయన చెడ్డవాడు కాదు. అదే కష్టం.

ఏప్రిల్ 4

రేపు ఈస్టర్. అందరూ సమాధులకి సున్నం వేస్తున్నారు. అమ్మ తనే బకెట్ తీసుకుని బయల్దేరింది. నాన్నకి వేసింది. సునీల్‌ది ఇంకా మట్టి దిబ్బే. దాని చుట్టూ సున్నంతో గీత గీసింది. చేత్తో మట్టి సర్దుతూ ఏదో గొణుగుతోంది. ప్రార్థనా, తిట్టా? దగ్గరికి వెళ్ళలేదు.

ఏప్రిల్ 5, ఈస్టర్



దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకి రావచ్చు అన్నారు అయ్యగారు. అమ్మ లేచింది. కొంగు పట్టుకున్నాను. విడిపించుకుంది. మందిరం మైకు ఊరంతా వినపడుతుంది. అమ్మకీ తెలుసు.

"నా కొడుకు మందు పీల్చి పోలేదు. తాగి పోయాడు."

యోహాను మామయ్య మైకు పెట్టె వైపు వెళ్ళాడు. అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. "మాట్లాడనివ్వండి."

"వాడు చేసింది మంచిదని నేననను. పోయేముందు వాళ్ళక్కని అడిగాడంట, ప్రభువు నన్ను రానిస్తాడా అని. ఇన్ని రోజులు అదే ఆలోచించా. వాడు ఎలా వచ్చినా, ఏం చేసి వచ్చినా, నేను తలుపు తీసేదాన్ని. నేనే తీస్తే, వాణ్ణి చేసినోడు తియ్యడా? నాకంటే రాతి గుండెవాడా ఆయన? సమాధిలోంచి లేచినోడికి నా బిడ్డ దగ్గరికెళ్ళడం కష్టమా? నాకు నిరీక్షణ ఉంది. ఎవరు లేదన్నా ఉంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ ఇంట్లో ఎవరన్నా మాటాపలుకూ లేకుండా ఉంటే, నాలాగా పని చెప్పి పంపకండి. పక్కన కూర్చోండి."

అయ్యగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. మామయ్య బయటికి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 7

కూలీల్లో ఇద్దరు రాలేదు. కుళాయి దగ్గర నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయాయి. అందరికీ తెలిసిపోయింది కాబట్టి, సమాధి తోటలో ఉంచాలో లేదో సంఘం కూర్చుని తేల్చాలని మామయ్య అంటున్నాడట. అయ్యగారు ఒప్పుకోలేదట. ఏమవుతుందో.

అమ్మ మాత్రం ఇవాళ రెండు పూటలా తింది.

ఏప్రిల్ 9

పొద్దున్నే ఖాసింబీ వచ్చింది. మసీదు వీధిలో బట్టలు కుడుతుంది. గడప దగ్గరే నిలబడింది.

"మైకులో విన్నా వదినా. మా అబ్బాయి రఫీ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. గది తలుపేసుకుని కూర్చున్నాడు. తిట్టాను, బతిమాలాను. నాకు భయంగా ఉంది. ఒక్కసారి వస్తావా?"

అమ్మ చేతిలో ఉన్న చాట కింద పెట్టి అలాగే వెళ్ళింది.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. "తలుపు తీశాడే. మాట్లాడట్లా. గుంటూరులో డాక్టరుకి చూపిద్దాం, నేనూ వస్తానన్నా. ఊ అనలేదు, ఊహూ అనలేదు. నేనిక్కడే కూర్చుంటా. మబ్బు పట్టింది, కాయల మీద పట్టా కప్పు."

కప్పాను. గాలికి ఒక మూల లేస్తోంది. రాళ్ళు పెడుతూ రఫీ కోసం ప్రార్థన మొదలుపెట్టాను... మధ్యలో తమ్ముడి పేరు వచ్చేసింది. దిద్దుకోలేదు.

ఇంకా అమ్మ రాలేదు.