మూడు రోజుల తర్వాత మామగారి మాట

అన్నయ్యా,

ఫోన్‌లో చెబితే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. పక్షవాతంతో మాట పడిపోయినప్పటి నుంచి మామగారు ఏం చెప్పాలన్నా కంప్యూటర్ మీద ఎడమచేత్తో టైపు చేస్తారని నీకు తెలుసుగా. అది ఆన్ కాకుండా పోయిన మూడు రోజులూ ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. మా ఆయనేమో "పాతదైపోయింది, వదిలెయ్" అన్నారు. నాకు మనసొప్పలేదు.

నువ్వు చెప్పిన వరసలోనే చూశాను. అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెడితే తిరిగింది. మానిటర్ కరెంటు వైరు తీసి సీపీయూకి తగిలించినా చలనం లేదు. ఇక కరెంటు వైరు పీకేసి పక్క రేకు విప్పాను. లోపల బోర్డు మీది పిన్నుల నుంచి పవర్ బటన్ వైరు తీసి, వాటికే రీస్టార్ట్ బటన్ వైరు గుచ్చాను. మళ్లీ కరెంటు ఇచ్చి ఆ బటన్ నొక్కగానే లోపలి ఫ్యాను గిర్రున తిరిగింది. చెడిపోయింది బటన్ ఒక్కటే.

మామగారు లేచి కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో కొట్టారు. దీవిస్తున్నారేమోనని వంగి చూశాను.

"అమ్మాయ్, మూడు రోజులుగా కాఫీలో చక్కెర వెయ్యడం లేదు నువ్వు."

నిజమే, ఆ దిగులులో నాకు తెలియనే లేదు. పాపం, అలాగే తాగేశారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

ఆ వైరు అలాగే ఉంచెయ్యొచ్చా? వెంటనే రాయి. ఆయన ఇంకా టైపు చేస్తూనే ఉన్నారు, వెళ్లి చదవాలి.

నీ చెల్లెలు