ఏసీ కింద పుంటికూర

మల్లన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. దుబాయ్ సత్వాల మన రూమ్ అట్లనే ఉంది. ఏసీ కింద నీ మంచం మీద ఇప్పుడు జగిత్యాలాయన పంటుండు.

నీ సామాన్లు ఇంటికి పంపుదామని సర్దుతుంటే అంగీ జేబుల పుంటికూర ఇత్తులు దొరికినయ్. దాచిపెట్టి, ఈ ఎండకాలం నూనె డబ్బాల ఏసిన. బయట మాడిపోతయని రూములనే కిటికీ కాడ పెట్టిన. మొలిచినయ్ గని బెత్తెడు గూడ పెరుగలే, ఆకులు పసుపుపచ్చబడ్డయ్.

ఫోన్‌ల చలి దేశాల మనోళ్ల తోటల గ్రూప్ ఒకటి కనవడ్డది. బయట మంచు కురుస్తుంటే ఇంట్లనే కూరలు పెంచుతరట. "నేను దుబాయ్‌ల ఉంట, చేర్చుకుంటరా?" అని అడిగిన. ఒక్కలు నవ్వలే. కెనడాల ఉండే ఒక అక్క "రా తమ్మీ, మీ రూముల చలి ఎంత?" అన్నది. ఏసీ పద్దెనిమిది మీద ఉంటదని చెప్పిన.

"అయ్యో, పుంటికూర గంత చలికి ఆగదు. ఇరవై ఐదు మీద పెట్టుర్రి."

అది రూముల అందరికి చదివి వినిపించిన. రిమోట్ ఎవలకూ ఇయ్యని నర్సయ్య, లేచి ఇరవై ఐదు పెట్టిండు. సైట్ నుంచి ఎండల కాలి వచ్చినా, చెమటలు కారినా, ఎవలూ మళ్ల దాన్ని ముట్టలే.

ఇయ్యాల మొదటిసారి కోసి పప్పుల ఏసినం. ఫోటో పెడితే గ్రూపంత సంబురపడ్డది. "ఇత్తులు ఎవరివి తమ్మీ?" అని అక్క అడిగితే, మా అన్నవి అని రాసిన. నర్సయ్య పళ్లెం ముందల కూసున్నడు గని ముద్ద ఎత్తలే.

రెండేండ్లు నువ్వు రెండు దుప్పట్లు కప్పుకుని, "చలైతుందిరా, జర ఏసీ తగ్గియ్యుర్రి" అని రోజూ అడుగుతుంటివి. మేం నవ్వేటోళ్లం, అన్నా.